ముందు ముందు మీకు పనికొచ్చేవి

ఇబ్రహీంపట్నం బస్టాండు ఎదురుగా జాకబ్‌కు చిన్న డీటీపీ షాపు ఉండేది. పెళ్లి పత్రికలు, చర్చి కరపత్రాలు, ఫ్లెక్సీ డిజైన్లు చేసేవాడు. చెల్లెలు నర్మద బడికి పోయే రోజుల్లోనే ఆమెకు కంప్యూటర్ నేర్పింది అతనే. ఆ అలవాటే ఆమెను ఇంజనీరింగ్ దాకా, ఆ తర్వాత నగరంలో ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీ దాకా తీసుకుపోయింది. కంప్యూటర్లలోకి ప్రోగ్రాములు దించుకునే యాప్ స్టోరు ఆ కంపెనీది. ఎవరికి ఏది పనికొస్తుందో కనిపెట్టి, స్టోరు తెరవగానే వాళ్ల కంటికి కనబడేలా చేయడం నర్మద టీము పని.

ఒక ఏడు జాకబ్ కుడిచెయ్యి పట్టు తప్పింది. మౌస్ జారిపోయేది. కొన్నాళ్లకు ఎడమ చెయ్యీ అదే దారి పట్టింది. పెద్ద దవాఖానలో పరీక్షలన్నీ అయ్యాక డాక్టరు నర్మదనూ, జాకబ్ భార్య సుసన్ననూ లోపలికి పిలిచాడు. నరాల జబ్బు. నయం చేసే మందు లేదు. చేతుల తర్వాత మాట పోతుంది, ఆ తర్వాత మింగడం, ఊపిరి.

"ఆయనకు ఇప్పుడే చెప్పకు నర్మదా," అంది సుసన్న బయటికొచ్చాక. "చేతులే పోయినయనుకొని ధైర్యంగున్నడు. ఇంకొన్ని దినాలు గట్లనే ఉండనియ్యి."

నర్మద సరేనంది. నోటితో చెబితే అక్షరాలు పడే ప్రోగ్రాము అన్న కంప్యూటర్లో పెట్టింది. జాకబ్ మళ్లీ పని అందుకున్నాడు. "చేతుల్లేకున్నా గొంతుంది గదా, ఫికర్ లేదు," అని గిరాకీలతో నవ్వేవాడు. ఆ మాట వినబడినప్పుడల్లా సుసన్న అక్కణ్ణుంచి లేచి వెళ్లిపోయేది.

అప్పుడే ఆఫీసులో నర్మద ఒక కొత్త పద్ధతి మీద పనిచేస్తోంది. అప్పటిదాకా స్టోరు, మనిషి దగ్గర ఉన్నవాటిలాంటివే మళ్లీ మళ్లీ చూపించేది. అది దండగ అని నర్మద వాదన. ఒక ప్రోగ్రాము వాడినవాళ్లు కొన్నాళ్లకు దేన్ని వెతుక్కున్నారో చూసి, దాన్ని మిగతావాళ్లకు ముందే అందించాలి. పరీక్షించి చూస్తే జనానికి నచ్చింది. "ముందు ముందు మీకు పనికొచ్చేవి" అనే వరుస అందరి కంప్యూటర్లలోకీ వెళ్లింది. మేనేజర్ రమాకాంత్ టీముకు స్వీట్లు తెప్పించాడు.

ఒక ఆదివారం చర్చి నుంచి వచ్చాక జాకబ్ చెల్లెల్ని షాపులోకి పిలిచాడు. తెర మీద స్టోరు తెరిచి ఉంది. వరుసలో మొదటిది, మాట పోకముందే సొంత గొంతును దాచుకునే ప్రోగ్రాము. పక్కనే, కంటిచూపుతో అక్షరాలు ఏరుకునేది. ఆ పక్కన, మంచం పట్టిన మనిషి ఇంట్లోవాళ్లను పిలుచుకునే గంట.

"గివి నాకెందుకు చూపిస్తుంది?" అనడిగాడు.

నర్మద వంగి ఆ వరుసంతా చదివింది.

"నా అసొంటోళ్లు గివే తీసుకున్నరన్నట్టు. అంతేనా?"

"అవ్ అన్నా."

"మాట గూడ పోతదా?"

ఆమె తలూపింది.

"మీ వదినకెర్కనా?"

"ఎర్కే. డాక్టర్ ఇద్దరికీ చెప్పిండు."

జాకబ్ రోడ్డు మీద పోయే బస్సుల వైపు తిరిగాడు. "మీ నోటితోని చెప్పుంటే మంచిగుండు," అన్నాడు.

ఆ వరుస తాను తయారుచేసిందేనని నర్మద అప్పుడే చెప్పేసింది.

మర్నాడు ఆఫీసులో, జబ్బులకు సంబంధించినవన్నీ ఆ వరుసలోంచి తీసేద్దామంది. "ఎవరో నలుగురి కోసమా?" అన్నాడు రమాకాంత్. "ఆ నలుగురిల మా అన్న ఉన్నడు సార్." రమాకాంత్ సరేనన్నాడు. తీసేశారు.

సంగతి విని జాకబ్ సంతోషించలేదు. "ఎందుకు తీసినవ్? చూడకుంటే నా గొంతు దాచుకోవచ్చని నాకెట్ల తెలుస్తది? ముందుగాల్ల అడుగుర్రి. కావాలన్నోనికి చూపియ్యుర్రి." నర్మద మళ్లీ పోయి ఆ ప్రశ్న పెట్టించింది. ముందు ముందు రాబోయేవి మీకిప్పుడే చూపించమంటారా అని. అవునన్నవాళ్లకే వరుస కనబడుతుంది.

జాకబ్ రోజూ పొద్దున్నే షాపులో కూర్చుని, గొంతు దాచే ప్రోగ్రాము ఇచ్చిన వాక్యాలు చదివాడు. అప్పటికే నాలుక మొద్దుబారుతోంది. చాలా వాక్యాలు స్పష్టంగా లేవని ప్రోగ్రాము వద్దనేది. ఒప్పుకున్న కొద్దివాటితో ఒక గొంతు తయారైంది. కొంచెం నిద్రమత్తులో ఉన్నట్టుండేది కానీ, అతనిదే. మాట పడిపోయాక కంటిచూపుతో అక్షరాలు ఏరుకుని ఆ గొంతుతోనే సుసన్నను పిలిచేవాడు. మొదటిసారి విన్నప్పుడు ఆమె వంటింట్లోంచి రాలేదు. రెండోసారి వచ్చింది.

మరుసటి వానాకాలంలో జాకబ్ పోయాడు.

సమాధి కార్యక్రమాలయ్యాక నర్మద కంప్యూటర్ ముందు కూర్చుంది. "వదినా, గొంతు ఉంది. ఏం రాస్తే అది మాట్లాడుతది. నీకు ఉంచాల్నా?"

"మనం రాసింది ఆయన మాటెట్లయితది?" అంది సుసన్న. "ప్రోగ్రాము వద్దన్నయి ఉన్నయా? సరిగ పలకనియి?"

ఉన్నాయి. నర్మద ఒక రికార్డింగు పెట్టింది. జాకబ్ ఏదో ఊరి పేరు చదవబోయి తడబడ్డాడు, దగ్గాడు, "మళ్లొకపారి సదువుత," అని తనలో తాను నవ్వుకున్నాడు. అక్కడితో ఆగిపోయింది.

"ఇంకోటి పెట్టు," అంది సుసన్న, కుర్చీ దగ్గరికి లాక్కుంటూ.