పొగ పోయిన బొగ్గు

బొగ్గు సంగతి పైడిరాజుకి ఎవరూ చెప్పక్కర్లేదు. పరవాడ దగ్గర కరెంటు ప్లాంటులో, బొగ్గు యార్డులో ఏళ్ల తరబడి కూలికి పోతున్నాడు. ఎప్పటివో అడవులు భూమిలో కూరుకుపోయి, మీది బరువుకీ లోపలి వేడికీ ఇలా నల్లరాయి అయ్యాయని సేఫ్టీ క్లాసులో విన్నాడు. గంధకం ఉంటే కంపు కొడుతుందనీ, మట్టి కలిస్తే బూడిద మిగులుతుందనీ ఊళ్లో అందరికీ చెబుతాడు. ఆ క్లాసు సగంలో టీకి లేచిపోయిన సంగతి మాత్రం చెప్పడు.

తుఫాను పట్టి ముసురు వదలడం లేదు. పురిటికొచ్చిన కూతురు ఇందు ఆడపిల్లని కని ఇంట్లోనే ఉంది. బాలింత మంచం కింద కుంపటి పెట్టి సెగ చూపించడం వాళ్ల ఆనవాయితీ. అందులోకి కట్టెబొగ్గులే వాడతారు. అవి కాస్తా వానకి తడిసిపోయాయి.

"పచ్చి బాలింత, సలికి వణికిపోతంది. ఏటి సేద్దుం మావా?" అంది భార్య దేముడమ్మ.

రోడ్డు మీద లారీల నుంచి రాలిన రాక్షసి బొగ్గు ఏరి దాచుకున్నాడు పైడిరాజు. ఆ సంచి బయటికి తీశాడు.

"వద్దు, అది కంపు కొడతాది."

"ఓలె, బొగ్గు గురించి నాకు సెప్తావేటి? ఇసమంతా పొగలోనే ఉంటాది. పొగ పోయేక ఇదీ కట్టెబొగ్గే."

తాను పట్టిన కుందేలుకి మూడే కాళ్లు. కానీ కూతురంటే ప్రాణం. వసారాలో కూర్చుని, ఆ బొగ్గు కుంపట్లో రాజేసి, కళ్లమ్మట నీళ్లు కారుతున్నా విసనకర్రతో విసిరాడు. నల్లపొగ పోయింది. కంపు పోయింది. నిప్పులు ఎర్రగా మిగిలాయి. వంగి వాసన చూస్తే ఏమీ లేదు. అప్పుడే కుంపటి తీసుకెళ్లి మంచం కింద పెట్టి, కిటికీ మూశాడు. పసిపిల్ల ముందుగదిలో అమ్మమ్మ ఒళ్లో నిద్రపోతోంది.

కాసేపటికి ఇందు పిలిచింది. "నాన్నా, తల పగిలిపోతంది. కడుపులో తిప్పుతంది."

"గాలి సోకింది" అని దేముడమ్మ వెళ్లి ఆమె తలకి గుడ్డ కట్టి వచ్చింది. పైడిరాజు తలుపు కింద సందులో గోనెసంచి కుక్కాడు. ఆ చేతులు అప్పుడే పడిపోయినా బాగుండేది.

ఇందు మళ్లీ పిలవలేదు. నిద్రపట్టిందని ఇద్దరూ సంతోషించారు. పిల్ల పాలకి ఏడ్చాక తలుపు తీసి లేపితే లేవలేదు.

వానలో ఆటో కట్టించుకుని అనకాపల్లి ఆసుపత్రికి తీసుకెళ్లారు. డాక్టరమ్మ చెయ్యి పట్టి చూసి, కళ్లలో లైటు వేసి చూసి, గదిలో ఏం వెలిగించారని అడిగింది. పైడిరాజు చెప్పాడు, పొగంతా పోయాకే పెట్టానని కూడా చెప్పాడు.

"కనిపించే పొగ పోతుందయ్యా. ఏ బొగ్గయినా గాలి చాలకుండా కాలితే వేరే వాయువు పుడుతుంది. దానికి రంగుండదు, వాసనుండదు. కట్టెబొగ్గయినా ఇంతే. మీ అమ్మాయి పోయింది."

"లేదమ్మా! మా పిల్ల బుగ్గలు సూడండి, ఎంత ఎర్రగా ఉన్నాయో. పురుడయ్యేక ఇంత రంగు ఎప్పుడూ రాలేదు. ఇంకోపాలి సూడండమ్మా" అంది దేముడమ్మ.

డాక్టరమ్మ తల దించుకుంది. "ఆ వాయువు రక్తంలో కలిస్తే అలాగే ఎర్రబడుతుంది."

దేముడమ్మ చెవికి ఆ మాట ఎక్కనే లేదు. ఒక చేత్తో పసిదాన్ని ఎత్తుకుని, రెండో చేత్తో కూతురి బుగ్గ నిమురుతూనే ఉంది.

"లే అమ్మా, పిల్ల పాలకి ఏడుత్తంది."