పరుగు లోకేష్‌ది, ఆయాసం అనురాధది

తెల్లవారుజామున లోకేష్ బూట్లు తొడుక్కుని జమ్మలమడుగు రోడ్డు పట్టేవాడు. సరిగ్గా అదే సమయానికి ప్రొద్దుటూరులో వాళ్లింటి వసారాలో అతని భార్య అనురాధ గోడకు వీపు ఆనించి, కాళ్లు చాపుకుని కూర్చునేది. పరుగు అతనిది, ఆయాసం ఆమెది. అతను వేగం పెంచితే ఆమెకు రొప్పు వచ్చేది. అతను ఎత్తు ఎక్కితే ఆమె పిక్కలు పట్టేసేవి. అతను మాత్రం చొక్కా తడవకుండా ఇంటికొచ్చి కాఫీ అడిగేవాడు.

వీధిలో ఎవరికీ ఇది వింతగా తోచలేదు. కొందరిళ్ల బోరులో ఉప్పునీళ్లు పడతాయి, కొందరికి మంచినీళ్లు పడతాయి. వీళ్లకిలా పడింది, అంతే. పక్కింటి దిల్షాద్‌బీ అయితే అనురాధ రొప్పును బట్టే అతను ఎంత దూరం పోయాడో చెప్పేసేది. ఆదివారాలు లోకేష్ జమ్మలమడుగు దాకా పోయివచ్చేవాడు కాబట్టి ఆ పూట వంట దిల్షాద్‌బీ ఇంటి నుంచే వచ్చేది.

లోకేష్ చెడ్డవాడేం కాదు. రాజుపాలెం మండలాఫీసులో గుమాస్తా, గట్టిగా మాట్లాడి ఎరగడు. భార్య అవస్థ చూడలేక రెండుసార్లు పరుగు మానేశాడు కూడా. మానిన వారానికే తిండి సయించక, దిక్కులు చూస్తూ, మనిషి సగమైపోయాడు. చివరికి అనురాధే బూట్లు తెచ్చి ముందర పెట్టింది.

"పోయిరా మామా. నిన్నిట్ల చూడలేను" అంది.

ఏడెనిమిదేళ్లు అలాగే గడిచాయి. ఇంత చేసినా మారథాన్‌లో అతని టైమింగ్ ఒక్క నిమిషం తగ్గలేదు. నిన్నగాక మొన్న మొదలుపెట్టినవాళ్లు అతన్ని దాటిపోతున్నారు. తప్పంతా ఈ ఊరి శిక్షణలోనే ఉందనుకున్నాడు మన లోకేష్. కెన్యా పోయి అక్కడి మహామహుల పక్కన పరిగెత్తి నేర్చుకోవాలనుకున్నాడు. నెల్లాళ్లు సెలవు పెట్టి విమానం ఎక్కాడు.

అనురాధకు లోలోపల సంబరమే. సముద్రం అడ్డం ఉంటుంది కదా, అంత దూరం నుంచి ఆయాసం ఎలా వస్తుందనుకుంది. ఆ నెల్లాళ్లూ పులివెందుల దగ్గర పుట్టింట్లో గడపాలని, తండ్రి సంజీవయ్య గొర్రెల వెంట చిన్నప్పటిలా తిరగాలని బట్టలు సర్దుకోసాగింది.

కెన్యాలో లోకేష్ దిగిన ఊరు కొండ మీద ఉంది. అక్కడ గాలి పలచన. అతను మొదటిరోజు పరుగు అందుకోగానే ఇక్కడ అనురాధ సంచీ పక్కనే కూలబడిపోయింది. దిల్షాద్‌బీ విసనకర్రతో ఎంత విసిరినా ఊపిరి అందలేదు. సాయంత్రం ఫోన్లో ఒకే మాట అడిగింది.

"ఆడ గాలి ల్యాదా మామా?"

లోకేష్ ఏడ్చాడు. మళ్లీ తెల్లారి బూట్లు తొడుక్కున్నాడు. ఏం చేస్తాం, మనిషి అలాంటివాడు.

అక్కడి ముసలి కోచ్ అతన్ని కొన్నాళ్లు గమనించాడు. రోజూ అందరికన్నా వెనకే, అయినా ఒంటి మీద చెమట చుక్క లేదు. నీ అలుపంతా ఎక్కడికి పోతోందని అడిగాడు. లోకేష్ ఉన్నదున్నట్టు చెప్పాడు. కోచ్ ఆశ్చర్యపోలేదు కానీ జాలిపడ్డాడు. అలసిన ఒంట్లోకే పరుగు చేరుతుందన్నాడు. ఇన్నేళ్లూ సాధన చేసింది నీ భార్య, నువ్వు రోడ్లు చూసి వచ్చావంతే అన్నాడు.

లోకేష్ ఇంటికొచ్చి ఈ మాట చెప్పినప్పుడు అనురాధ బియ్యం ఏరుతోంది. చేయి ఆపకుండా అంతా వింది.

"నాకెందుకు మామా ఆ పరుగు? నేనడిగినానా?" అంది.



తెల్లారి లేచేసరికి ఆమె ఇంట్లో లేదు. కొంగు బిగించి ఎర్రగుంట్ల వైపు పోయిందని దిల్షాద్‌బీ చెప్పింది. లోకేష్ మోటార్‌సైకిల్ తీశాడు. ఎర్రగుంట్ల దాటి, బండల ఫ్యాక్టరీలు కూడా దాటాక కనబడింది. చెప్పులు చేత పట్టుకుని పరిగెత్తుతోంది. అతను బండి ఆపి, పిలవడం మరిచి అలాగే చూశాడు. ఇన్నేళ్లు తాను వెతుక్కున్న పరుగు అదే. ముందు అసూయ పుట్టింది, వెనకే సిగ్గు వేసింది. బండి అక్కడే వదిలి నాలుగడుగులు వేసి గట్టిగా పిలిచాడు.

ఆమె ఆగి వెనక్కి తిరిగింది. రొప్పుతోంది.

"యాడికి పోతాండావు?"

"మా నాయన కాడికి."

"బండెక్కు, నేను దించుతా. శానా ఆయాసపడతాండావు."

"ఇది నాది మామా" అంది అనురాధ, గుండె మీద చేయి పెట్టుకుని. "ఇన్నేళ్లకు ఈ పొద్దు నా ఆయాసం నాకొచ్చింది. మళ్లీ వస్తానో రానో పులివెందుల చేరినాక చెప్తా. అంతదాకా నువ్వు పరిగెత్తాకు."

ముద్దనూరు రోడ్డు మీద ఆమె చిన్నదైపోతూ వెళ్లింది. వెంటపడమని కాళ్లు లాగాయి. బిగబట్టుకున్నాడు. ఇంటికైనా పోదామంటే బండి నాలుగడుగుల వెనక ఉంది. నడిస్తే కూడా ఆ అలుపు ఆమెకు తగులుతుందా అని ఇన్నేళ్లలో ఒక్కసారీ అడగలేదు. రోడ్డు పక్కన కదలకుండా నిలబడ్డాడు.