భుజం మీద చెయ్యి

లింగాయ్ పేరెత్తితే నాకు ఒళ్ళుమంట. నా మొగుడు బంటూగ్ దాన్ని రెండో పెళ్ళాంగా తెచ్చుకున్నప్పటి నుంచీ, దాని గాజుల చప్పుడు వినబడితే చాలు, అన్నం సయించేది కాదు.

సిపాయిలతో పడవ దిగిన పాద్రే గస్పార్ మా బొహోల్ దీవి కొండల మీది ఊళ్ళన్నిటినీ కిందికి దింపి, ఏటి ఒడ్డున చర్చి గంట చుట్టూ ఇళ్ళు కట్టించాడు. ఆయన చెప్పినవాటిలో నాకు నచ్చింది ఒక్కటే.

"బాప్తిస్మం పుచ్చుకున్నవాడికి ఒక్కతే భార్య. మొదటిదే ఉంటుంది, రెండోది పుట్టింటికి పోవాల్సిందే."

అమ్మయ్య, దేవుడంటే ఇలా ఉండాలి! మర్నాటి నుంచే జపాలు బట్టీపట్టాను. ఊళ్ళో అందరికంటే ముందు నా నెత్తినే నీళ్ళు పడ్డాయి. లింగాయ్ ఇంకా "పరలోకంలో ఉన్న మా తండ్రీ" దగ్గరే తడబడుతోంది.

తర్వాత బంటూగ్ వంతొచ్చింది.

"నీళ్ళు పోసేటప్పుడు ఇతని భుజం మీద చెయ్యేసి నిలబడేదెవరు?" అన్నాడు పాద్రే. ఎవరికెవరం ఏమవుతామో మొన్నొచ్చిన ఆయనకేం తెలుసు!

లింగాయ్ ముందుకు కదిలింది. భుజం పట్టినదానిదే మొగుడు అనుకుని, దాన్ని మోచేత్తో నెట్టేశాను.

"నీకింకా నీళ్ళే పడలేదు, వెనక్కి పోవే!"

"ఆయన నాకూ మొగుడే కదక్కా..."

"నోర్ముయ్!"

"ఇతని భారం నీదేనా?" అన్నాడు పాద్రే.

"బతికినంతకాలం నాదే!" అని ఊరంతా వినేలా అరిచాను. లింగాయ్ మొహం మాడిపోయింది. నా కడుపు చల్లబడింది.

ఆదివారం, బాప్తిస్మం పుచ్చుకున్న జంటలకి చర్చిలో మళ్ళీ పెళ్ళిళ్ళు. ఉన్న బంగారమంతా దిగేసుకుని బంటూగ్ పక్కన నిలబడ్డాను. పాద్రే తల పట్టుకున్నాడు.

"మొదటి భార్యవి నువ్వా? ముందే చెప్పవేం! బాప్తిస్మంలో భుజం పట్టినామె దేవుడి ఎదుట అతనికి తల్లి. తల్లీకొడుకులకి పెళ్ళేమిటి? ఇక మిగిలింది లింగాయే."

"అయితే మళ్ళీ పొయ్యండి నీళ్ళు! ఈసారి అదే పట్టుకుంటుంది!"

"నీళ్ళు ఒక్కసారే" అన్నాడు.

బంటూగ్ తలొంచుకున్నాడు. దొంగసచ్చినోడు!

జపం రాని లింగాయ్‌కి వారం తిరక్కుండానే మొత్తం వచ్చేసింది, నెత్తిన నీళ్ళూ పడ్డాయి. పెళ్ళవగానే తిన్నగా నా దగ్గరికొచ్చి, చేతిలో తాంబూలం పెట్టి, గాజులు గలగలలాడిస్తూ వంగింది.

"దీవించండి, అత్తయ్యా."

దాన్నైనా ఓర్చుకునేదాన్ని. దాని పక్కనే నవ్వాపుకుంటూ బంటూగ్ కూడా వంగాడు.

"నన్నూ దీవించు, అమ్మా."