అయస్కాంతం మింగిన ఉక్కు పీచు

మా బాబాయికి నేనంటే ప్రాణం, నా చదువంటే మంట. తారు ప్లాంటులో ముప్పై ఏళ్ళుగా మేస్త్రీ ఆయన. అదే ప్లాంటు ల్యాబులో నేను చేరి మూడేళ్ళు. ఈ మూడేళ్ళూ ఒకే పని పట్టుకుని కూర్చున్నాను. తారులో సన్నటి ఉక్కు పీచు కలిపితే రోడ్డు గట్టిపడుతుంది. పగిలినా, పైన కరెంటు తీగచుట్ట పెట్టి వేడిచేస్తే పీచు కాగి, తారు కరిగి, పగులు పూడుకుంటుంది. ఈ మాట చెబితే పడీపడీ నవ్వుతాడని బాబాయి దగ్గర మాత్రం నోరు విప్పలేదు.

ఆ రోజు రోడ్ల ఇంజనీరు పరీక్షకు వచ్చాడు. నమూనాకి పోసిన తారు పలకలో పగులు పూడితే బస్సు డిపో ముందు యాభై మీటర్ల రోడ్డు వేయనిస్తాడు. పూడకపోతే నా మూడేళ్ళూ మట్టిపాలే.

ముందు రోజు చేయించిన పలకకు పగులు పెట్టి చుట్ట కింద ఉంచాను. రెండు నిమిషాలైంది. నాలుగైంది. చెయ్యి పెట్టి చూస్తే చల్లగా ఉంది. ఇంజనీరు గడియారం చూసుకున్నాడు. నాకు ఏడుపొక్కటే తక్కువ.

అప్పుడే బాబాయి బకెట్ మోసుకుంటూ లోపలికొచ్చాడు.

"అమ్మాయ్, ఎక్కడి కంకరే ఇది? నిండా ఇనప చెత్తే! నిన్న మిక్సరుకి కంకర మోసే బెల్టు మీద అయస్కాంతానికి ఇంత పట్టుకుంది. నేను చూసుకోబట్టి సరిపోయింది."

బకెట్ నిండా నా పీచే.

ఎప్పుడో ఓ బోల్టు పడి మిక్సరు రెక్క విరిగినప్పటి నుంచి బెల్టు మీద అయస్కాంతం వేలాడదీసింది ఆయనే. అది నాకూ తెలుసు. తెలిసి తెలిసీ, బాగా కలుస్తుందని పీచును బెల్టెక్కకముందే కంకర కుప్పలో కలిపించాను.

"అది చెత్త కాదు బాబాయ్, నా మూడేళ్ళ కష్టం!" అని అరిచి, ఉన్నదంతా కక్కేశాను.

బాబాయి నవ్వలేదు. "ఇంత పని నెత్తినేసుకుని నాతో ఒక్క ముక్క చెప్పలేదేమే? నేనేమన్నా పరాయివాణ్ణా?"

సిగ్గుతో చచ్చిపోయాను. ఆయనే ఇంజనీరు వైపు తిరిగి, "సార్, సాయంత్రం దాకా ఆగండి. పలక నేను చేయిస్తా" అన్నాడు.

"ఐదింటికి వస్తాను. అదే ఆఖరు" అని వెళ్ళిపోయాడు ఇంజనీరు.

ఈసారి మిక్సరు మూత తీసి పీచంతా ఒక్కసారే గుమ్మరించబోయాను. బాబాయి చెయ్యి పట్టుకున్నాడు. "ఆగవే, అలా పోస్తే ఉండ కట్టదూ?" జల్లెడ తెప్పించి, తిరుగుతున్న వేడి కంకర మీద కొంచెం కొంచెంగా రాల్చాడు. తర్వాత తారు పోశాం. పలక పోసి, దిమ్మిసతో అణగ్గొట్టి, రెండు ఫ్యాన్లు పెట్టి చల్లార్చాం.

ఐదింటికి పగులు పెట్టి చుట్ట కింద ఉంచాను. రెండు నిమిషాలకే తారు నిగనిగలాడింది. పగులు అంచులు మెల్లగా దగ్గరికొచ్చి కలిసిపోయాయి. బాబాయి నోరు తెరుచుకుని చూస్తున్నాడు. నాకు గంతులెయ్యాలనిపించింది. వేశాను కూడా.

ఇంజనీరు కాగితం తీశాడు. "యాభై మీటర్లు వేసుకోండి. ఈ మాలు కలిపింది ఎవరని రాయను?"

"మా అమ్మాయి" అన్నాడు బాబాయి. "మా బాబాయి" అన్నాను నేను, ఇద్దరం ఒకేసారి.

ఆ పెద్దమనిషి ఇద్దరి పేర్లూ రాశాడు, బాబాయి పేరు ముందు. మూడేళ్ళ కష్టం నాది, ఒక్క పూట జల్లెడ ఆయనది! ఒళ్ళు మండింది. బాబాయి ఆ కాగితాన్ని వెలుతురులోకి తీసుకెళ్ళి నాలుగుసార్లు చదువుకున్నాడు. ముప్పై ఏళ్ళలో ఆయన పేరు రాసిన మొదటి కాగితం అదేనట. నేను కిక్కురుమంటే ఒట్టు.