పడుకున్న చెట్టు నీడ

రాలిన ఆకుల మీద వాన.

నూనెలో చేప వేగుతున్న చప్పుడు.

ఆ చప్పుడు వింటే అక్పేనెకి ఎప్పుడూ ఆకలేస్తుంది. ఈ సెఫ్వీ అడవికి వచ్చిన రోజూ ఇదే చప్పుడు, ఇదే ఆకలి. అప్పటి ఆకులు వేరు. అడవివి. ఆమెవి కావు.

ఆ రోజు చేతిలో ఏముంది?

ఒక మచ్చుకత్తి. సగం బుట్ట పొగచేపలు. దగ్గే మొగుడు, సెలోమ్. బేరమాడే నోరు.

అంతే.

వెనక్కి పోవడానికి ఊరు లేదు. పుట్టిన ఊరిని సముద్రం తినేసింది. ముందు కొబ్బరిచెట్లు, తరవాత చేపలు కాల్చే పొయ్యిలు, తరవాత ఇల్లు. సంతలో ఎవరితోనైనా బేరం కుదుర్చుకునేది గానీ, సముద్రంతో కుదరలేదు. అందుకే నేల ఉన్న చోటికి నడిచి వచ్చింది.

నేల నానా బెదియాకోది. నానా అంటే అక్కడ పెద్దల్ని పిలిచే మాట. ఊరికీ ఆయనే పెద్ద, అడవికీ ఆయనే పెద్ద.

ముసలాయన చేపలు పుచ్చుకున్నాడు. వాళ్ళు దారిలో చేపలిచ్చి తెచ్చిన సారాలో కొంచెం నేల మీద పోశాడు, పోయిన పెద్దలకి. మిగిలింది తాను తాగాడు. పక్కన ఆయన చెల్లెలు నానా ఎలూవా పీట మీద కూర్చుని అన్నీ వింటోంది.

"చూడు చేపలమ్మాయీ. నాటుకో. చెట్టు బతికున్నంత కాలం నేల నీది. చెట్టు చచ్చిన రోజు నేల మాది. సరేనా?"

చేప తోక కోసం కూడా గొంతు చించుకునే మనిషి... ఆ రోజు బేరమాడలేదు.

అప్పటికి ఒక్క మొక్కయినా లేదు. చెట్టు ఆయుష్షు ముందు నా ఆయుష్షెంత, అనుకుంది.

సరే, అంది.

*

ముందు అరటి. అరటి నీడలో కోకో.

అరటి పిలకలు ఆమె నెత్తిన మోసింది. సెలోమ్ దగ్గుతూ గుంతలు తీశాడు. నాలుగు పోట్లు, ఒక దగ్గు. నాలుగు పోట్లు, ఒక దగ్గు.

మొదటి మొక్క వాగు పక్కన పెట్టాడు. పెట్టి, చుట్టూ మట్టిని మడమతో నొక్కాడు. మళ్ళీ వాన పడేదాకా ఆ మడమ గుర్తు అక్కడే ఉంది.

చెట్లు పెరిగాయి. సెలోమ్ తరిగాడు.

మానునే అంటిపెట్టుకుని పూసే పూలు, గోరంతవి. ఆ పూలు కాయలయ్యాయి. మొదటి కాయ పగలగొట్టి, గింజ చుట్టూ ఉన్న తెల్ల గుజ్జు చప్పరించాడు.

"తియ్యగా ఉందే," అన్నాడు.

ఆ తరవాత అతను ఎక్కువ మాట్లాడలేదు. ఆ నెల దాటలేదు.

తోట ఇచ్చింది. ఇవ్వలేదని ఎవరన్నారు? రేకుల కప్పు ఇచ్చింది. ఉప్పుకీ కిరసనాయిలుకీ చెయ్యి చాచనివ్వలేదు. అరటాకుల కింద పులుస్తున్న గింజల వాసన, వెదురు తడికల మీద వాటి ఎండు గలగల... ఆ వాసనా ఆ చప్పుడూ ఆమెకు ఇల్లయ్యాయి.

తోట తీసుకుంది కూడా. సెలోమ్ ఊపిరి. ఆమె మోకాళ్ళు.

సరికి సరి, అనుకునేది. ఇంకా మొగ్గు నా వైపే, అనుకునేది.

*

మొదట ఎరుపు వచ్చింది.

ఆకుల్లో ఈనెలు ఎర్రబడ్డాయి. తరవాత కొమ్మలు అక్కడక్కడా ఉబ్బాయి, పాము కప్పని మింగినట్టు. కాయలు కురచయ్యాయి. పిడికిలంత... నిమ్మకాయంత.

ప్రభుత్వం వాళ్ళు వచ్చి మానుల మీద తెల్ల రంగు పూశారు. ఈ జబ్బుకి మందు లేదన్నారు. కొట్టెయ్యాలన్నారు. కొత్త మొక్కలు ఊరికే ఇస్తామన్నారు. కాకపోతే నాటడానికి నేల గలవాళ్ళు ఒప్పుకోవాలన్నారు.

నానా బెదియాకో అప్పటికే పోయాడు. పెద్దరికం మేనల్లుడికి వచ్చింది. అమోవా. ఎప్పుడూ నవ్వుతూ ఉంటాడు.

"కొట్టించెయ్యి పెద్దమ్మా. చచ్చే చెట్లని కాపలా కాయడం దేనికి?"

"కొత్తవి నాటుకోనిస్తావా నాయనా?"

"ముందు కొట్టించు. తరవాత మాట్లాడుకుందాం."

తరవాత.

సంతలో పెరిగిన మనిషి ఆమె. సరుకు చేతులు మారాక 'తరవాత' అన్న మాట ఎంతకు పోతుందో ఆమెకు తెలుసు.

అదే మాట మీద నాటుకున్న పక్క తోట బయోర్‌కి తెలియలేదు. ఎండ దేశం నుంచి, గడ్డి మైదానాల నుంచి వచ్చినవాడు. మాటని నమ్మాడు. కొట్టించాడు. చెట్లు పడిన వారానికి, అమోవా పిలిస్తే, నేల తవ్వే పసుపు యంత్రాలు వచ్చాయి. అతని గుట్ట కింద బంగారం ఉందట. గుట్ట గుంటయింది. గుంట నిండా టీ రంగు నీళ్ళు. ఇప్పుడు అదే గుంటలో ఎవరికోసమో రాళ్ళు కడుగుతున్నాడు బయోర్.

నడుం లోతు నీళ్ళలో నిలబడి కేకేశాడు.

"రా అక్కా! నా తోటలో ఈత కొడదాం!"

ఆమె నవ్వింది. ఇంటికొచ్చాక చాలాసేపు అన్నం ముందు ఊరికే కూర్చుంది.

కొట్టించలేదు.

జబ్బు పక్కకి పాకుతుందని ప్రభుత్వం వాళ్ళు బెదిరించారు. పాకడానికి పక్కన తోటేదీ? నీళ్ళున్నాయి.

ఒరిగిన ప్రతి చెట్టుకీ వెదురు ఊతం పెట్టింది. ఊరంతా నవ్వింది.

"ముసలి చెట్లకి చేతికర్రలిచ్చావా అక్కా!" అన్నాడు బయోర్. "కళ్ళజోళ్ళు కూడా పెట్టించు, దారి తప్పిపోతాయి."

మాట విసిరాడు. మర్నాడు తనే పచ్చి వెదుళ్ళు నరుక్కొచ్చి గుమ్మంలో పడేశాడు.

చెట్లు ఆగలేదు. ఒకదాని తరవాత ఒకటి... ఆకులు రాల్చుకుని, కాయలు నల్లబడి, వెదురు చేతుల్లోనే చచ్చిపోయాయి. చెట్టు చచ్చిన చోటల్లా అమోవా మనుషులు కొయ్యమేకు దిగ్గొట్టారు. మేకులు ఇంటి వైపుకి నడిచొస్తున్నాయి.

ఆఖరికి వాగు పక్కది మిగిలింది. సెలోమ్ మడమతో నొక్కినది. దాని ఆకుల్లో ఎరుపు లేదు. ఉందేమోనని రోజూ చూసేది. లేదు.

వానలు మొదలైన మధ్యాహ్నం గాలొచ్చింది. ఏదో పెద్ద జంతువు కూర్చున్నట్టు చప్పుడు.

ఆమె పరుగెత్తలేదు. తెలిసిపోయింది.

*

తెల్లారి అమోవా వచ్చాడు. చేతిలో మేకు, సుత్తి. వెనకాల కుర్చీలో నానా ఎలూవాని ఇద్దరు మనుషులు మోసుకొచ్చారు. ఆ రోజు మాటకి సాక్షుల్లో ఆవిడ ఒక్కతే మిగిలింది. ఆవిడ చూడకుండా మేకు దిగకూడదు. పద్ధతి.

అక్పేనె పడిన మాను మీద కూర్చుని ఉంది. గుంటలోంచి బయోర్ కూడా పైకొచ్చి, నీళ్ళోడుతూ నిలబడ్డాడు.

"అయిపోయింది పెద్దమ్మా," అన్నాడు అమోవా. మెత్తగానే అన్నాడు. "చెట్టు పోయింది."

"పోలేదు. పడుకుంది."

"పడిపోయిన చెట్టు చచ్చినట్టే కదా?"

కుర్చీలోంచి దగ్గు వినిపించింది.

"నేను మంచాన పడి ఎన్నేళ్ళయిందిరా అమోవా?"

"అదేంటి నానా..."

"పడిపోయినదాన్నే కదా. నన్నెప్పుడు పూడుస్తున్నావు?"

మోసుకొచ్చిన వాళ్ళు మొహాలు పక్కకి తిప్పుకుని నవ్వారు. బయోర్ తిప్పుకోకుండానే నవ్వాడు.

"దించండి నన్ను," అంది ముసలావిడ.

మాను పక్కనే దించారు. అక్పేనె మచ్చుకత్తి అందించింది. ఆవిడ బెరడు గీకింది. అందరూ వంగారు.

పచ్చ.

తడి పచ్చ. ఒకవైపు వేళ్ళు ఇంకా నేలలోనే ఉన్నాయి.

"బతికే ఉంది," అంది నానా ఎలూవా. "మా అన్న మాటకి గడువు ఇంకా తీరలేదు."

అమోవా మేకుని ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చుకున్నాడు. నవ్వు మళ్ళీ తెచ్చుకున్నాడు.

"సరే. బతికింది ఒక్క చెట్టు. ఒక్క చెట్టు నేలే ఇస్తాను. దాని నీడ ఎంత పడితే అంత. అవతల మేకు కొడతాను."

పడుకున్న చెట్టుకి నీడెంత! వాడికి తెలుసు.

అక్పేనె లేచింది. మోకాళ్ళు పట్టుకుని, మెల్లిగా. వచ్చిన తొలిరోజు మూసుకున్న నోరు ఇప్పుడు తెరుచుకుంది.

"ఏ పొద్దు నీడ?"

"ఏంటి?"

"మిట్టమధ్యాహ్నం నీడా, పొద్దు వాలే ముందు నీడా? చేప కొలిచేటప్పుడు తల నుంచా, మెడ నుంచా అని ముందే అడుగుతాం నాయనా."

అమోవా నోరు తెరిచేలోపు ముసలావిడ అందుకుంది.

"పొద్దు వాలే ముందు. పెద్దమనిషివి, పొట్టి నీడ కొలుస్తావా?"

"ఇవాళ్టి నీడేనా నానా," అంది అక్పేనె, "చెట్టు పెరిగితే పెరిగే నీడా?"

"చెట్టు బతికున్నంత కాలం అన్నాడు మా అన్న. ఇవాళ ఒక్కరోజు బతికితే చాలు అన్నాడా?"

అమోవా చెట్టు వంక చూశాడు. పసుపు యంత్రాల చప్పుడు వస్తున్న వైపు చూశాడు. ఎంత పెరుగుతుందిలే ఈ చచ్చే చెట్టు, అనుకున్నాడేమో.

"అలాగే. పొద్దు వాలేదాకా ఉంటాను."

ఉన్నాడు. అందరూ ఉన్నారు. బయోర్ కాల్చిన అరటికాయలు తెచ్చాడు, అమోవాకి కూడా ఒకటి ఇచ్చాడు.

పొద్దు వాలింది, మబ్బు వెనకాల.

నీడ లేదు.

మాను కింద లేదు, మనిషి కింద లేదు. మేకు చేతిలోనే ఉండిపోయింది.

"ఎండ కాసిన రోజు వస్తాను," అన్నాడు అమోవా. ఈసారి నవ్వలేదు.

*

ఎండ రాలేదు.

వానల నెల. ఆమె ప్రతి పొద్దునా వాగు దగ్గరికి వెళ్తుంది. పడుకున్న మాను మీద నిలువుగా ఒక కొమ్మ లేచింది. పక్కన ఇంకొకటి. ఒకదాన్ని పైకి పోనిచ్చింది, నీడ కోసం. ఇంకొకదాన్ని నేలకు వంచి, గంటు పెట్టి, అంటు తొక్కింది. అది వేళ్ళూనితే అక్కడి నుంచి మరో చెట్టు. అదీ పడుకుంటే, అక్కడి నుంచి మరొకటి... పడుకుంటూ పడుకుంటూ గుట్ట ఎక్కే చెట్టు. మేకుల్ని దాటుకుంటూ.

చుట్టూ మట్టిని మడమతో నొక్కింది.

వేరు పట్టాలంటే వాన ఉండాలి. నీడ పడాలంటే ఎండ రావాలి. రెండూ అడగలేదు ఆమె. ఏది ముందొస్తుందో చూస్తోంది.

నిలువు కొమ్మకి చిగురేసింది. మూడాకులు.

ఎర్రగా ఉన్నాయి.

కోకో లేతాకు ఎప్పుడూ ఎరుపే. ముదిరితే పచ్చబడుతుంది. జబ్బాకు ఈనెలూ ఎరుపే. ముదిరాక పచ్చబడవు, పాలిపోతాయి. ఇప్పుడే చెప్పలేం. వేలితో తడిమి చూసింది. మెత్తగా, పసిబిడ్డ చెవిలా ఉంది. చెప్పలేం.

మరి చేతిలో ఏముంది, ఇప్పుడు?

అరిగిపోయిన మచ్చుకత్తి. బేరమాడే నోరు. ఇంకా కొలవని నీడ.

మూడు ఎర్రాకులు.

రాలిన ఆకుల మీద వాన పడుతోంది. నూనెలో చేప వేగుతున్నట్టు. ఈ ఆకులు ఆమెవే...

ఆకలేస్తోంది.