కొలతకి కూర్చున్న మనిషి

"కదలకు" అన్నాడు మా ఆయన, నా మోకాలి కింద ఎక్కడి నుంచో.

కదల్లేదు. ఆదివారం పొద్దున్నే హాలు మధ్యలో, ఇంకా ఒక్కసారీ రోడ్డెక్కని మోటార్ సైకిల్ మీద, రెండు చేతులూ హ్యాండిల్ మీద పెట్టి గోడకేసి చూస్తూ కూర్చున్నాను. పొయ్యి మీద పాలున్నాయి. పొంగితే పొంగనీ. వారమంతా ఈ ఇంట్లో నేను వినేవి లే, రా, తే, చూడు. నన్ను కూర్చోబెట్టి, కూర్చున్నదాన్ని కదలొద్దని బతిమాలేది ఈ ఒక్క పూటే. కాపురంలో ఇంతకు మించిన సుఖాలుంటాయంటారు గానీ, నాకు తెలిసిన వాళ్లెవరికీ అనుభవం లేదు.

బండి మా ఆయన కంటే వయసులో పెద్దది. పాత ఇనుము కొట్లో దొరికింది. దానికి కొత్త బండి చక్రాలు వేసి, ముందు ఫోర్కు, అంటే హ్యాండిల్ నుంచి చక్రం దాకా దిగే స్ప్రింగుల గొట్టాలు, అవి కూడా కొత్తవి బిగించాలని ఆయన సంకల్పం. తాత మొండేనికి మనవడి కాళ్లు అతికించినట్టు. ఆ కాళ్లు కొనడానికి అమ్మింది నా స్కూటరు. "బండి తయారవనీ, రోజూ నిన్ను పనికి నేనే దింపుతా, మహారాణిలా" అన్నాడు. అప్పట్నుంచీ మహారాణి రెండు బస్సులు మారుతోంది, నిలబడి.

నేను బట్టల షాపులో ఆల్టరేషన్ సెక్షన్లో పని చేస్తాను. రోజంతా జనం నడుములు కొలుస్తాను. ప్యాంటు బిగుతైందని వచ్చే ప్రతి మగవాడూ "ఉతికితే కుంచించుకుపోయిందండీ" అంటాడు. తను పెరిగానన్నవాణ్ణి ఇంతవరకూ చూళ్లేదు. ఇప్పుడు మా ఆయన చేతిలో ఉన్న టేపు కూడా నా కుట్టుపెట్టెలోదే. ఒకసారి అన్నాను: "మీ బండి కదా, మీరెక్కండి, నేను కొలుస్తాను."

"టేపు పట్టుకోవడమంటే మాటలా? మిల్లీమీటర్లతో పని" అన్నాడు. "నీది సుళువు. ఊరికే బరువుగా ఉండు, చాలు."

సంగతేమిటంటే, మనిషి ఎక్కినప్పుడు ఫోర్కు ఎంత దిగుతుందో చూసి, దాన్నిబట్టి స్ప్రింగులు వేయాలట. నేనెక్కితే అది బొటనవేలంత కూడా దిగలేదు. గట్టి స్ప్రింగులని పెదవి విరిచి మెత్తనివి తెప్పించాడు. అవీ నచ్చలేదు, ఇంకా మెత్తనివి తెప్పించాడు. చక్రాలు కూడా పాతవాటి కంటే చిన్నవి, చూడ్డానికి బాగుంటుందని. మొదట్లో గాల్లో వేలాడిన నా కాళ్లు ఇప్పుడు నేలకి ఆనుతున్నాయి. మా ఆయన నాకు రెండింతలుంటాడు. ఆ మాట చెబుదామని రెండుసార్లు నోరు తెరిచాను. మొదటిసారి "మాట్లాడకు, బండి ఊగుతోంది" అన్నాడు. రెండోసారి ఆయనకి ఫోనొచ్చింది.

వంటిల్లు కూడా వర్క్‌షాపే. చల్లబడితే కాస్త కుంచించుకుని చక్రంలో సుళువుగా కూర్చుంటాయని, బేరింగులు మా ఫ్రీజర్లో ఐసు పక్కన కాపురం పెట్టాయి. "మావాడి చేతిలో విద్య ఉందమ్మాయ్, వాళ్ల నాన్నకీ ఇంతే" అంది అత్తయ్య మురిసిపోతూ. మామగారు విప్పిన రేడియో ఇప్పటికీ అటక మీదుంది, విప్పింది విప్పినట్టే.

నిజం చెప్పాలంటే నేను ఆదివారాల కోసం ఎదురుచూసేదాన్ని. వారంలో ఆయన నాకంత దగ్గరగా వచ్చేది అప్పుడే. ఊపిరి నా పిక్కకి తగిలేది. మాటలేమీ ఉండేవి కావు, కానీ ఇంట్లో ఇంకో మనిషి ఉన్నట్టు తెలిసేది. ఒకరోజు టేపు పక్కన పెట్టి తలెత్తి నన్ను పైనుంచి కిందికి చూశాడు. "నువ్వు చిక్కిపోయావా?" అన్నాడు. బస్సుల్లో నిలబడటం, మధ్యాహ్నం తిండి మానేయడం, ఇంకా చెప్పుకోవాల్సినవి చాలా ఉన్నాయి. "అవునండీ" అన్నాను. ఎక్కడ మొదలుపెట్టాలా అని చూస్తున్నాను.

"అదీ సంగతి, అందుకే లెక్క కుదరట్లేదు. వెళ్లి ఆ పిండిడబ్బా తెచ్చి ఒళ్లో పెట్టుకో."

తెచ్చుకుని కూర్చున్నాను. లెక్క కుదిరింది.

తర్వాత ఒక ఫోటో తీసి ఫోన్లో మిత్రుల గుంపులో పెట్టాడు. అక్కడ ఆయన్ని మాస్టరంటారు. బండి మొత్తం ఉంచి నన్ను చెరిపేశాడు, మోకాళ్ల కింది ముక్క మాత్రం మిగిలింది. ఎవరో "ఆ చెప్పులేంటి మాస్టరూ" అని అడిగితే, వాటిని కూడా చెరిపేసి మళ్లీ పెట్టాడు. ఆ రెండో ఫోటో నేను చాలాసేపు చూశాను. సీటు మధ్యలో నొక్కుకుపోయి ఉంది. ఎవరో కూర్చుంటే తప్ప అలా నొక్కుకుపోదు. దాన్ని చెరపాలని ఆయనకి తోచలేదు.

బండి తయారైన ఆదివారం గుంపంతా దిగింది. "వదినగారూ, టీ!" అన్నారు నన్ను చూడగానే. మా ఆయన తోలు జాకెట్ తొడిగి ఎక్కాడు. ముందు ఫోర్కు ఒక్కసారిగా వంగి నమస్కారం చేసింది, మళ్లీ లేవలేదు. మోకాళ్లు హ్యాండిల్‌కి తగులుతుంటే అలాగే వీధి చివరిదాకా వెళ్లాడు. స్పీడు బ్రేకర్ దగ్గర ఠంగుమని మోగిన మోతకి కుక్కలు లేచాయి.

"సర్కస్‌లో ఎలుగుబంటి సైకిలెక్కినట్టుంది మాస్టరూ!"

"స్ప్రింగులు అమ్మినవాడు మోసం చేశాడు" అన్నాడు మా ఆయన. ఉతికితే కుంచించుకుపోయిందన్నమాట.

"ఎవరి కళ్లు పడ్డాయో" అంది అత్తయ్య, నావైపు చూసి.

మిత్రుల్లో ఒకాయన ఫోర్కు పట్టుకుని రెండుసార్లు నొక్కి చూశాడు. "కొలిచేటప్పుడు ఎవర్ని కూర్చోబెట్టావు?"

"ఎవరూ లేరు. మొదట్నుంచీ అంతా నేనొక్కణ్ణే" అన్నాడు మా ఆయన.

నేను పక్కనే ఉన్నాను, టీ ట్రే పట్టుకుని. అందరూ కప్పులు తీసుకున్నారు.

ఆ పూటే తేల్చేశాడు, బండిని మళ్లీ పాత ఇనుము కొట్టుకే ఇచ్చేస్తానని. నా స్కూటరు సంగతి నేను అడగలేదు. అడిగితే, ఏ స్కూటరు అంటాడేమోనని భయమేసింది.

సోమవారం పొద్దున ఆయన స్నానంలో ఉండగా, మేకుకి వేలాడుతున్న తాళం తీశాను. పెళ్లికి ముందు మా నాన్న మోటార్ సైకిల్ నడిపేదాన్ని. సంబంధం కుదిరేటప్పుడు ఆ సంగతి దాచిపెట్టారు, పాత జబ్బు దాచినట్టు. టేపు సంచిలో వేసుకుని, బండిని గుమ్మం దాటించి కిక్ కొట్టాను. మొదటిసారి దగ్గింది, రెండోసారి అందుకుంది.

"అమ్మాయ్, వాడి బండి ఎక్కడికి?" అంది అత్తయ్య గుమ్మంలోంచి.

"పనికి అత్తయ్యా."

స్పీడు బ్రేకర్ వచ్చింది. పళ్లు బిగించాను. ఫోర్కు దిగింది, లేచింది, అంతే. సరిగ్గా కుట్టిన జాకెట్ భుజాల మీద కూర్చున్నట్టు. ఆ వీధిలో అప్పుడెవరూ లేరు, ఉంటే చెప్పేదాన్ని, కొలతకి కూర్చున్నది నేనేనని. ఎర్రలైటు దగ్గర ఆగితే రెండు పాదాలూ నేలకి నిండుగా ఆనాయి. పక్కన నేను రోజూ ఎక్కే బస్సు, నిండా నిలబడ్డ జనం. సంచిలో ఫోను మోగింది.

"ఎక్కడున్నావ్? నీకేమైనా పిచ్చా? ఉన్నచోటే ఉండు, నేనొస్తున్నా. కదలకు."

పచ్చలైటు పడింది.