కడెం ఎవరి కాలికి

అత్వెల్లి రోడ్డు పక్కన దుర్గాబాయి జొన్నరొట్టెలు చేస్తుంది. పొద్దున్నే ఎల్లమ్మ తల్లి పటానికి దండం పెట్టి, పొయ్యి ముట్టించి, పిండి తడుతూ వచ్చినవాళ్లకు కథ చెబుతుంది. కథ ముగిసేలోగా అందులోని వస్తువేదో ఒకటి ఆమె ఒళ్లో పడుతుంది. చిలక కథకు ఈక, చేప కథకు పొలుసు. దులిపేసుకుని ఇంకో రొట్టె తడుతుంది. తినేవాళ్లు "ఇంకింత కారం ఎయ్యి అవ్వా" అంటారే తప్ప ఈక సంగతి అడగరు. తల్లి ఇచ్చేదాన్ని ఎందుకిచ్చావని మనమైనా అడుగుతామా?

ఆమె మనవరాలు భవిత మేడ్చల్‌లో కొత్త బడికి వెళ్తోంది, నాలుగో తరగతి. ఆ శనివారం బడిలో నానమ్మల కథల రోజు. పిలుపు చీటీని భవిత సంచి అడుగున దాచేసింది. అవ్వ మాటతీరు విని అందరూ నవ్వుతారని దాని భయం. అయితే అదే పిలుపు తండ్రి వీరేందర్ ఫోనుకూ వచ్చింది. పిల్ల బడికి వెళ్లాక దుర్గాబాయి పెట్టెలోని చీర తీసి కట్టుకుని ఆటో ఎక్కింది.

తరగతిలో టీచర్ నవ్యశ్రీ ముందు ఒక కథ చదివింది. సవతితల్లి ఇంట్లో బూడిదలో పడుకునే పిల్ల, రాజుగారి విందు, మెట్ల మీద జారిపోయిన గాజుచెప్పు. కాకినాడ నుంచి వచ్చి కాలనీలో ఉంటున్న ఇంకో పిల్లాడి నానమ్మ అమ్మాజీగారు వెంటనే అందుకుంది.

"ఇది మా కథేనండి. మా వైపు ఆ పిల్ల కాలవలో పట్టీ పోగొట్టుకుంటుంది."

గుమ్మంలో నిలబడ్డ దుర్గాబాయి ఊరుకోలేకపోయింది. "రాజు కొడుకు చెప్పు చేతుల వట్టుకొని ఇల్లిల్లు తిరిగిండా? గడప అవతల ఇడిసేదాన్ని? మా దిక్కు గది కాలి కడెం."

పిల్లలు "చెప్పు అవ్వా, చెప్పు" అన్నారు.

"చెప్పు గాదు బిడ్డా, కడెం అంటున్న గద."

తరగతి గొల్లుమంది. ఎవడో "గద, గద" అని వెక్కిరించాడు.

"మీరు ఎవరి నానమ్మగారండీ?" అంది టీచర్.

భవిత బల్ల మీది గీతలు చూస్తూ కూర్చుంది. చెయ్యి ఎత్తలేదు. దుర్గాబాయి ఆ వంచిన తలను చూసింది.

"ఎవలకు గాను మేడం. రొట్టెలు జేస్త. కథలంటె ఇందామని వచ్చిన."

తప్పించుకున్నందుకు భవితకు హాయిగా ఉండాలి. చెవులు మాత్రం మండిపోయాయి.

టీచర్ కుర్చీ వేసి కూర్చోబెట్టింది. దుర్గాబాయి మొదలుపెట్టింది. "పోరి నోరు మెదపలే. నువ్వు ఎవల బిడ్డవని రాజు కొడుకు అడిగిండు, అడిగిండు. అప్పుడు కడెమే దొర్లుకుంట వొయ్యి..."

వెండి కడెం ఆమె ఒళ్లో పడింది, కానీ ఒళ్లో ఆగలేదు. నేల మీదికి దిగి, బెంచీల మధ్య దొర్లుకుంటూ వెళ్లి, భవిత కాలికి ఎక్కి కూర్చుంది. టీచర్ ఆ ముఖమూ ఈ ముఖమూ చూసింది.

"గంతే మేడం," అంది అవ్వ తొందరగా. "ఎవల కాలు సన్నగుంటె గా కాలుకు వడ్తది."

తన కోసం ఆడిన ఆ రెండో అబద్ధాన్ని భవిత మోయలేకపోయింది. లేచి, అడుగడుక్కీ కడెం మోగుతుంటే ముందుకు వచ్చి, అవ్వ కాళ్ల దగ్గర కూలబడింది.

"మా అవ్వ. చీటి నేనే దాసిన." తల ఎత్తలేదు.

ఎవరూ నవ్వలేదు. అమ్మాజీగారే మెల్లగా అడిగింది. "మరి ఆ పిల్ల రాజుగారి అబ్బాయికి ఏం చెప్పిందమ్మా?"

"తల్లి పేరు జెప్పింది," అంది భవిత. "జెప్పంగనే, తల్లిని పూడ్చిన కాడ బంతి మొలిచింది."

బంతిపువ్వు భవిత ఒళ్లో పడింది. దుర్గాబాయి ఒడి ఖాళీ.

ఆనాటి నుంచి అవ్వ కథలకు ఏమీ పడదు. ఆదివారాలు రొట్టెల పొయ్యి దగ్గర భవితే చెబుతుంది. మొదలుపెట్టే ముందు "నేను దుర్గాబాయి మనుమరాల్ని" అంటుంది. ఆ ఒక్క మాట దగ్గర దాని తల ఇప్పటికీ వంగుతుంది.